అచ్చు ప్లాస్టిక్ భాగాల డ్రాయింగులలో జ్యామితీయ టాలరెన్సుల అమలుపై పలాస సమావేశ తీర్మానం

పలాస, టెక్కలి, ఉద్దానం తీర గ్రామాల తాగునీటి అమరికలకు, డయాలసిస్ పరికరాలకు, జీడిపప్పు డబ్బాలకు కావలసిన ప్లాస్టిక్ భాగాలను గీసేవారు, వాటి అచ్చులు చేసేవారు, భాగాలు పోసేవారు, కొలిచి ఆమోదించేవారు, ఈ విద్య నేర్పేవారు పలాసలో ఉమ్మడిగా సమావేశమై, చర్చించి, ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం ఇది.

ఈ తీర్మానంలో జ్యామితీయ టాలరెన్సు అంటే, పరిమాణానికి ఇచ్చే ప్లస్–మైనస్ హద్దుతో ఆగకుండా, భాగం రూపానికి, వాలుకు, స్థానానికి డ్రాయింగు మీద నియత చిహ్నాలతో ఇచ్చే హద్దు. డేటమ్ అంటే ఆ హద్దులను ఎక్కడి నుంచి కొలవాలో చెప్పే ఆధారం: ఒక తలం, ఒక అక్షం లేదా ఒక బిందువు. అచ్చు భాగం అంటే కరిగిన ప్లాస్టిక్‌ను ఇంజెక్షన్ యంత్రంతో అచ్చులోకి నింపి, చల్లార్చి తీసిన భాగం.

మొదటి భాగం: గమనించిన విషయాలు

1. సభ గమనించినదేమనగా, కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో విస్తరించిన ఉద్దానం దశాబ్దాలుగా కిడ్నీ వ్యాధితో బాధపడుతున్నది. ఆ వ్యాధికి మూల కారణం ఇంతవరకు నిర్ధారణ కాలేదు. అయినా సురక్షితమైన తాగునీరు ఇక్కడి ప్రజల మొదటి కోరిక. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీటిని తెచ్చే సుమారు 700 కోట్ల రూపాయల పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. ఈ రెండింటిలోనూ నీటికి, రక్తానికి దారి చూపేవాటిలో అధిక భాగం ప్లాస్టిక్.

2. సభ గమనించినదేమనగా, 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ గ్రామీణ గృహంలో మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు కుళాయి ద్వారా అందాలని లక్ష్యం పెట్టుకున్నది. తాగునీటికి వాడే హెచ్‌డీపీఈ గొట్టానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 4984 ఉన్నది. గొట్టాన్ని డై గుండా నెట్టి సాగదీస్తూ తయారుచేస్తారు. దానిని ఇంటికి కలిపే కప్లరు, ఎల్బో, టీ, సాడిల్ మాత్రం అచ్చులో పోసినవి. రెండు వేర్వేరు పద్ధతుల్లో పుట్టిన భాగాలు ఒక చోట కలుస్తాయి. లీకుకు తొలి అవకాశం ఆ కలిసే చోటే.

3. సభ నమోదు చేస్తున్నది: లీకయ్యే కీలు నీటిని వృథా చేయడంతో ఆగదు. సరఫరా నిలిచి గొట్టంలో పీడనం పడిపోయినప్పుడు అదే సందు గుండా కాలువ నీరు, మట్టి నీరు లోపలికి చేరుతుంది. రోజులో కొన్ని గంటలు మాత్రమే నీళ్లు వదిలే గ్రామాల్లో ఈ ప్రమాదం ప్రతి రోజూ ఉంటుంది. కాబట్టి కప్లరు డ్రాయింగు ఆరోగ్యానికి సంబంధించిన పత్రం కూడా.

4. సభ గమనించినదేమనగా, కప్లరులో నీటిని ఆపేది రబ్బరు ఓ రింగ్. 3 మిల్లీమీటర్ల మందం గల రింగును 20 శాతం నొక్కితే ఆ నొక్కుడు 0.6 మి.మీ. మాత్రమే. రింగు కూర్చునే సీటు అక్షం, గొట్టం అక్షం నుంచి 0.3 మి.మీ. పక్కకు జరిగితే ఒక వైపు నొక్కుడు 0.3 మి.మీ.కు తగ్గి, ఎదుటి వైపు 0.9 మి.మీ.కు పెరుగుతుంది. సీటు వ్యాసం మాత్రం డ్రాయింగులో రాసినంతే ఉంటుంది. వ్యాసానికి హద్దు ఇచ్చి అక్షానికి హద్దు ఇవ్వని డ్రాయింగు ఈ భాగాన్ని మంచిదని ఆమోదిస్తుంది.

5. సభ గమనించినదేమనగా, మూడు గేట్ల నుంచి, అంటే అచ్చులోకి ప్లాస్టిక్ చేరే మూడు దారుల నుంచి, నింపిన గుండ్రని భాగం చల్లారేటప్పుడు కొద్దిగా మూడు మూలల రూపానికి తిరగవచ్చు. అలాంటి రూపాన్ని వెర్నియర్‌తో ఎటు తిప్పి పట్టినా దాదాపు ఒకే వ్యాసం కనిపిస్తుంది. ఎదురెదురు రెండు బిందువుల మధ్య దూరం గుండ్రదనానికి రుజువు కాదు. గుండ్రదనానికి విడిగా హద్దు ఇవ్వాలి, దానిని విడిగా కొలవాలి.

6. సభ గమనించినదేమనగా, ప్లాస్టిక్ అచ్చులో చల్లారుతూ కుంచించుకుపోతుంది. ఏబీఎస్, పాలికార్బొనేట్ వంటివి సుమారు అర శాతం చుట్టుపక్కల కుంచించుకుంటాయి. కప్లర్లకు, మూతలకు వాడే పాలీప్రొపిలీన్ 1 నుంచి 2.5 శాతం వరకు కుంచించుకుంటుంది. 100 మి.మీ. పొడవులో 1.5 శాతం అంటే 1.5 మి.మీ. ఆ మేరకు అచ్చును పెద్దది చేయవచ్చు. అయితే గోడ మందం, గేటు స్థానం, పీడనం, చల్లార్చే సమయం మారితే కుంచించుకునే శాతమే మారుతుంది. 0.3 శాతం తేడా వస్తే అదే పొడవులో 0.3 మి.మీ. తేడా. గాజు నారలు కలిపిన ప్లాస్టిక్ ప్రవాహ దిశలో తక్కువగా, అడ్డంగా ఎక్కువగా కుంచించుకుని వంగుతుంది. కాబట్టి ప్లాస్టిక్ భాగానికి ముప్పు పరిమాణంలో కన్నా రూపంలో ఎక్కువ.

7. సభ గమనించినదేమనగా, 100 మి.మీ. పాలీప్రొపిలీన్ భాగం 10 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే సుమారు 0.1 మి.మీ. లేదా అంతకు మించి పెరుగుతుంది. అంతే పొడవు ఉక్కు పెరిగేది 0.012 మి.మీ. నైలాన్ గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది. అచ్చు నుంచి పొడిగా వచ్చిన నైలాన్–6 భాగం సగం తేమ గల గాలితో సమస్థితికి వచ్చేసరికి పొడవు సుమారు అర శాతం మేర పెరుగుతుంది. సముద్రపు గాలి వీచే ఉద్దానంలో ఉష్ణోగ్రత, తేమ రాయని కొలత అసంపూర్ణమైన కొలత.

8. సభ గమనించినదేమనగా, అచ్చు నుంచి భాగం ఊడి రావడానికి గోడలకు డ్రాఫ్ట్, అంటే కొద్దిపాటి ఏటవాలు, ఇవ్వక తప్పదు. 50 మి.మీ. లోతు గల గోడకు 1 డిగ్రీ డ్రాఫ్ట్ ఇస్తే పై అంచుకు, అడుగుకు మధ్య ఒక్కో వైపు 0.87 మి.మీ. తేడా వస్తుంది. రెండు వైపులా కలిపితే 1.7 మి.మీ. దాటుతుంది. వ్యాసం 40 మి.మీ. అని రాసి, అది పై అంచు దగ్గరా అడుగు దగ్గరా అన్నది రాయకపోతే, డ్రాఫ్ట్ తెచ్చే తేడా మిగతా టాలరెన్సులన్నిటినీ మింగేస్తుంది.

9. సభ గమనించినదేమనగా, పలుచని ప్లాస్టిక్ భాగం బల్ల మీద వదిలినప్పుడు ఒక రూపంలో, బోల్టులు బిగించినప్పుడు మరో రూపంలో ఉంటుంది. గట్టి లోహ భాగానికి రాసే నియమం దీనికి సరిపోదు. స్వేచ్ఛా స్థితిలో ఎంత వంపు అనుమతించాలో, బిగించిన స్థితిలో ఎంత అనుమతించాలో విడివిడిగా చెప్పే వీలు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10579లోనూ, అమెరికా ప్రమాణం ఏఎస్ఎంఈ వై14.5లోనూ ఉన్నది.

10. సభ గమనించినదేమనగా, రంధ్రం స్థానానికి రెండు దిశల్లో ±0.1 మి.మీ. ఇస్తే అనుమతి పొందిన ప్రదేశం 0.2 మి.మీ. భుజం గల చతురస్రం. ఆ చతురస్రం మూల వరకు జరిగిన రంధ్రంతో పని జరుగుతుందంటే, అంతే దూరం మరే దిశలో జరిగినా పని జరుగుతుంది. ఆ మూలల గుండా గీసిన వృత్తం వ్యాసం 0.28 మి.మీ., వైశాల్యం చతురస్రం కన్నా 57 శాతం ఎక్కువ. స్థాన టాలరెన్సు ఆ వృత్తాన్నే అనుమతిస్తుంది. పనికివచ్చే భాగాలను పారవేయకుండా, పనికిరానివాటిని రానివ్వకుండా చూసే పద్ధతి ఇది. ఈ ఆలోచనకు ఆద్యుడిగా స్కాట్లండులోని టార్పెడో ఫ్యాక్టరీలో పనిచేసిన స్టాన్లీ పార్కర్‌ను చెబుతారు. 1938 నాటి ఆయన కృషి లోహ భాగాలకు సంబంధించినది. దాని అవసరం కదిలే, వంగే, కుంచించుకునే ప్లాస్టిక్‌కు మరింత ఎక్కువ.

11. సభ గమనించినదేమనగా, ప్లాస్టిక్‌కు ప్రత్యేకమైన ప్రమాణాలు ఇప్పటికే ఉన్నాయి. అచ్చు ప్లాస్టిక్ భాగాల టాలరెన్సులకు జర్మనీ 2013లో డిన్ 16742ను తెచ్చింది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 20457 2018లో వచ్చింది. అచ్చు భాగాల డ్రాయింగులకు ఐఎస్ఓ 10135, ఏఎస్ఎంఈ వై14.8 ఉన్నాయి. మన దేశంలో జ్యామితీయ టాలరెన్సులకు ఐఎస్ 8000 వరుస ఉన్నది. ప్రమాణం లేదన్న సాకు చెల్లదు.

12. సభ గమనించినదేమనగా, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను కూల్చింది. కరెంటు, నీటి సరఫరా నిలిచిపోయాయి. అలాంటి రోజుల్లో మరమ్మతుకు వచ్చే భాగం ఏ తయారీదారుదైనా కావచ్చు. ఒకరి నట్టు ఇంకొకరి కప్లరుకు పట్టాలంటే ఇద్దరి డ్రాయింగులూ ఒకే ఆధారం నుంచి, ఒకే హద్దులో గీసినవై ఉండాలి.

13. సభ గమనించినదేమనగా, సిరంజీలు, రక్తనాళ సూదుల కలయికకు వాడే లూయర్ కనెక్టరు 6 శాతం శంకువు. పొడవులో ప్రతి మిల్లీమీటరుకు వ్యాసం 0.06 మి.మీ. తగ్గుతుంది. దీనికి ఐఎస్ఓ 80369–7 ప్రమాణం ఉన్నది. డయాలసిస్ ఫిల్టరు కలయికలకు ఐఎస్ఓ 8637 వరుస ఉన్నది. శంకువు వాలులో స్వల్ప తేడా వచ్చినా రెండు భాగాలు పూర్తి తలం మీద కాక ఒక అంచు మీద మాత్రమే తాకుతాయి. అప్పుడు రక్తం బయటికి కారవచ్చు, గాలి లోపలికి పోవచ్చు. డయాలసిస్ మీద బతుకుతున్న కుటుంబాలున్న ఈ ప్రాంతంలో దీనిని చిన్న విషయంగా చూడరాదు.

14. సభ గమనించినదేమనగా, ఎగుమతి నాణ్యత గల జీడిపప్పులో తేమ 5 శాతం మించరాదు. పలాస పప్పు ప్లాస్టిక్ సీసాలో అమ్మకానికి వెళ్లినప్పుడు ఆ తేమను అదుపులో ఉంచేది మూత లోపలి సీలు, సీసా మూతి అంచు. అంచు సమతలంగా లేకపోతే మూత ఎంత బిగించినా గాలి పోతుంది, పప్పు మెత్తబడుతుంది.

రెండవ భాగం: విచారం వ్యక్తం చేసిన విషయాలు

15. సభ విచారిస్తున్నదేమనగా, లేత్ మీద తిప్పిన ఉక్కు భాగానికి రాసే టాలరెన్సును పాలీప్రొపిలీన్ భాగానికి యథాతథంగా రాసే అలవాటు పరిశ్రమలో పోలేదు. డ్రాయింగులోని ప్రతి కొలతకూ ±0.05 మి.మీ. రాయడం జాగ్రత్త కాదు. ఏది ముఖ్యమో తేల్చుకోకపోవడం. అందుకోలేని హద్దును చూసిన కార్మికుడు ముఖ్యమైన హద్దును కూడా పట్టించుకోవడం మానేస్తాడు.

16. సభ విచారిస్తున్నదేమనగా, "మిగతా కొలతలు త్రీడీ మోడల్ ప్రకారం" అని ఒక్క వాక్యం రాసి, డేటమ్ గాని, రూప టాలరెన్సు గాని ఇవ్వని డ్రాయింగులు అచ్చు తయారీకి వెళుతున్నాయి. మోడల్ చూపేది ఆదర్శ రూపం. దాని నుంచి ఎంత తొలగితే సరే, ఎంత తొలగితే కాదు అన్నది మోడల్ ఒక్కటే చెప్పదు.

17. సభ విచారిస్తున్నదేమనగా, అచ్చు నుంచి వేడిగా తీసిన భాగాన్నే యంత్రం పక్కన కొలిచి ఆమోదించడం, వంగిన భాగాన్ని చేత్తో అదిమి గేజ్‌లో పట్టించడం, వెర్నియర్ దవడలతో పలుచని గోడను నొక్కి కొలవడం కొనసాగుతున్నాయి. కొలిచినవారు మారితే కొలత మారుతున్నది.

18. సభ విచారిస్తున్నదేమనగా, కీలు లీకైనప్పుడు నింద యంత్రం నడిపినవారి మీద, లేదా గుంటలో కూర్చుని గొట్టం బిగించిన ప్లంబరు మీద పడుతున్నది. డ్రాయింగు మౌనంగా ఉన్న చోట వారిద్దరినీ దోషులుగా నిలబెట్టడం అన్యాయం.

19. సభ విచారిస్తున్నదేమనగా, జ్యామితీయ టాలరెన్సులను బోధించే చోట ఉదాహరణలన్నీ షాఫ్టులు, బేరింగులు, లోహపు అంచులే. డ్రాఫ్ట్, పార్టింగ్ లైన్ (అచ్చు రెండు సగాలు కలిసే గీత), వంపు ఉన్న భాగానికి డేటమ్ ఎలా ఎన్నుకోవాలో తెలియకుండానే విద్యార్థి డిజైనర్ అవుతున్నాడు.

మూడవ భాగం: నిర్ణయాలు

20. సభ తీర్మానించినదేమనగా, ప్రతి డ్రాయింగు తాను ఏ ప్రమాణాన్ని, ఏ సంవత్సరపు కూర్పును అనుసరిస్తున్నదో శీర్షిక పట్టికలో రాయాలి. ఏఎస్ఎంఈ పద్ధతిలో పరిమాణపు హద్దు రూపాన్ని కూడా తనంతట తానే బంధిస్తుంది. ఐఎస్ఓ 8015 పద్ధతిలో, వేరుగా చెబితే తప్ప, పరిమాణం వేరు, రూపం వేరు. ఒకే గీత రెండు పద్ధతుల్లో రెండు అర్థాలిస్తుంది కనుక రెండింటినీ కలిపి రాయరాదు.

21. సభ తీర్మానించినదేమనగా, డేటమ్‌ను భాగం పని చేసే తీరును బట్టి ఎన్నుకోవాలి. జతభాగంతో తాకే తలం లేదా దానిని మధ్యకు తెచ్చే అక్షం మొదటి డేటమ్ కావాలి. ఒక భాగానికి చెందిన డేటమ్‌లు వీలైనంతవరకు అచ్చులోని ఒకే సగంలో రూపొందాలి. పార్టింగ్ లైన్, గేటు మచ్చ, ఎజెక్టర్ పిన్ గుర్తు, పక్కకు జరిగే స్లైడు చేసే తలం డేటమ్‌గా పనికిరావు. పెద్ద పలుచని తలానికి మొత్తం తలాన్ని కాక, నిర్ణీత చోట్ల డేటమ్ లక్ష్యాలను ఇవ్వాలి.

22. సభ తీర్మానించినదేమనగా, బిగువైన టాలరెన్సు పనికి అవసరమైన లక్షణాలకు మాత్రమే ఇవ్వాలి. మిగతా రూపమంతటికీ ఒకే తల రేఖాకృతి టాలరెన్సును, పదార్థానికీ పరిమాణానికీ తగిన స్థాయిలో, ఐఎస్ఓ 20457 ఆధారంగా ఇవ్వాలి. అంతకన్నా బిగువు కోరిన ప్రతి చోటా కారణం డిజైన్ దస్త్రంలో ఉండాలి. కారణం రాయలేని బిగువును తొలగించాలి.

23. సభ తీర్మానించినదేమనగా, డ్రాఫ్ట్ కోణం, అది పెరిగే దిశ, కొలత పట్టే ఎత్తు, పార్టింగ్ లైన్ స్థానం, అనుమతించిన ఫ్లాష్ (ఆ గీత వెంట బయటికి పొంగిన ప్లాస్టిక్) ఎత్తు, గేటు ఉండకూడని తలాలు డ్రాయింగు మీదనే ఉండాలి. వీటిని అచ్చు తయారీదారు ఊహకు వదలరాదు.

24. సభ తీర్మానించినదేమనగా, కొలిచే పరిస్థితి డ్రాయింగులో భాగం. 23 డిగ్రీలు, 50 శాతం తేమ అనే సాధారణ స్థితినా, ఉష్ణ దేశాలకు ఐఎస్ఓ 291 అనుమతించిన 27 డిగ్రీలు, 65 శాతం తేమ అనే స్థితినా అన్నది రాయాలి. ఈ ప్రాంతానికి రెండవది సహజమని సభ అభిప్రాయం. పోసిన తరువాత కనీసం 24 గంటలు ఆ స్థితిలో ఉంచిన భాగాన్నే ఆమోదం కోసం కొలవాలి. నైలాన్ భాగమైతే పొడి స్థితిలో కొలవాలో, తేమ పట్టిన తరువాత కొలవాలో విడిగా చెప్పాలి.

25. సభ తీర్మానించినదేమనగా, వంగే భాగాలకు స్వేచ్ఛా స్థితి హద్దును, బిగించిన స్థితి హద్దును రెండింటినీ ఇవ్వాలి. బిగించి కొలవమంటే ఎన్ని చోట్ల, ఎంత బలంతో, ఏ వరుసలో బిగించాలో రాయాలి. చేత్తో అదిమి కొలిచిన ఏ కొలతా ఆమోదానికి చెల్లదు.

26. సభ తీర్మానించినదేమనగా, తాగునీటి కీళ్లలో ఓ రింగ్ సీటుకు వ్యాసంతో పాటు గుండ్రదనం, గొట్టం కూర్చునే అక్షంతో పోల్చిన స్థానం, సీటు తలం నునుపు తప్పనిసరి. గొట్టం జారకుండా పట్టి ఉంచే పట్టు రింగు కూర్చునే శంకువుకు వాలు హద్దు, నట్టు మరకు అక్షం హద్దు ఇవ్వాలి. సీటు మీదుగా పార్టింగ్ లైన్ గాని, ప్లాస్టిక్ ప్రవాహాలు కలిసే అతుకు గీత గాని రాకూడదు.

27. సభ తీర్మానించినదేమనగా, బోల్టు రంధ్రాల వంటి వదులు కలయికలకు స్థాన టాలరెన్సును గరిష్ఠ పదార్థ స్థితి చిహ్నంతో ఇవ్వాలి. రంధ్రం పెద్దదైన కొద్దీ స్థానానికి దక్కే అదనపు వెసులుబాటు తయారీదారు హక్కు. దానిని తనిఖీలో కాదనరాదు. ఈ భాగాలను నిర్ణీత గేజ్‌తో నిమిషాల్లో పరీక్షించవచ్చు. సీలు చేసే తలాలకు, బిగువు కలయికలకు మాత్రం ఈ చిహ్నం వాడరాదు. అక్కడ వెసులుబాటు అంటే లీకు.

28. సభ తీర్మానించినదేమనగా, ఏఎస్ఎంఈ వై14.5 ప్రమాణం 2018 కూర్పు ఏకకేంద్రత, సౌష్ఠవ చిహ్నాలను తొలగించినందున, ఆ పద్ధతిలో గీసే కొత్త డ్రాయింగుల్లో వాటిని వాడరాదు. వాటికి బదులు స్థానం, రనౌట్ లేదా రేఖాకృతి టాలరెన్సు వాడాలి.

29. సభ తీర్మానించినదేమనగా, అచ్చుకు ఉక్కు కోయకముందే డిజైనర్, అచ్చు తయారీదారు, భాగం పోసేవారు, తనిఖీదారు నలుగురూ డ్రాయింగు మీద సంతకం చేయాలి. కుంచించుకునే శాతం, గేటు స్థానం, చల్లార్చే మార్గం అప్పుడే నిర్ణయం కావాలి. ముఖ్యమైన కొలతల దగ్గర అచ్చులో ఉక్కును కొంత మిగిల్చి ఉంచాలి. ఉక్కును తరవాత తీయడం సులువు, అతకడం కష్టం.

30. సభ తీర్మానించినదేమనగా, ఒకే అచ్చులో అనేక కావిటీలు, అంటే భాగం రూపొందే గుంతలు, ఉన్నప్పుడు ప్రతి భాగం మీదా దాని కావిటీ సంఖ్య ఉండాలి. తొలి నమూనాలను కావిటీల వారీగా కొలవాలి. అన్ని కావిటీల సగటు తీసి ఆమోదించడం చెల్లదు. ఉత్పత్తిలో ముఖ్యమైన లక్షణాల చెదురును నిరంతరం నమోదు చేయాలి. చెదురు హద్దుకు దగ్గరపడినప్పుడే కారణం వెతకాలి. హద్దు దాటాక వెతకడం ఆలస్యం.

31. సభ తీర్మానించినదేమనగా, డయాలసిస్, వైద్య భాగాలలో పదార్థం, గ్రేడు, గేటు స్థానం, అచ్చు వీటిలో ఏది మారినా కొలతలను, కలయిక పరీక్షను తిరిగి మొదటి నుంచీ చేయాలి. శంకువు కలయికలకు ప్రమాణం చెప్పిన గేజ్ తప్పనిసరి. ఈ భాగాల్లో తిరిగి కరిగించిన ప్లాస్టిక్ వాడరాదు.

32. సభ తీర్మానించినదేమనగా, జీడిపప్పు సీసాల మూతి అంచుకు సమతలత, మూత సీలు తలానికి రేఖాకృతి, మరకు అక్షం హద్దు ఇవ్వాలి. పై నిర్ణయాల్లో మిగతావి వీటికి తగినంత మేర వర్తిస్తాయి.

33. సభ తీర్మానించినదేమనగా, టాలరెన్సును సడలించే అధికారం డ్రాయింగు మీద సంతకం చేసినవారికే ఉంటుంది. ఉత్పత్తి ఒత్తిడి, సరఫరా గడువు, లారీ లోడు ఎదురుచూస్తున్నదన్న కారణం సడలింపుకు ఆధారం కావు. సడలించినప్పుడు డ్రాయింగును మార్చాలి. నోటిమాట సడలింపు సడలింపు కాదు.

నాలుగవ భాగం: విజ్ఞప్తులు, అమలు

34. సభ గ్రామీణ నీటి సరఫరా విభాగాన్ని కోరుతున్నది: గొట్టాల కొనుగోలుకు ఐఎస్ 4984 అడిగినట్టే, అచ్చు ఫిట్టింగుల కొనుగోలుకు డేటమ్‌లు, గుండ్రదనం, అక్షం హద్దులు, కొలిచే పరిస్థితి ఉన్న డ్రాయింగును టెండరు పత్రాల్లో అడగాలి. సరుకు అందినప్పుడు కొన్నిటిని యాదృచ్ఛికంగా తీసి, నీటి పీడన పరీక్షతో పాటు కొలత పరీక్ష కూడా చేయించాలి.

35. సభ విజయవాడలోని ప్లాస్టిక్ శిక్షణ సంస్థ సిపెట్‌ను, హైదరాబాదు బాలానగర్‌లోని కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థను, విశాఖపట్నంలోని ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్‌ను కోరుతున్నది: అచ్చు ప్లాస్టిక్ భాగాల జ్యామితీయ టాలరెన్సులపై తెలుగులో బోధించే స్వల్పకాలిక శిక్షణను ఉత్తరాంధ్ర యువతకు అందుబాటులోకి తేవాలి. ఆసుపత్రికి, నీటి పథకానికి వాడే భాగాలు ఎక్కడో తయారై ఇక్కడికి రావడంతో ఆగకుండా, వాటిని గీయగల, కొలవగల చేతులు ఇక్కడ తయారు కావాలి.

36. సభ టెక్కలి, పలాస, శ్రీకాకుళం ప్రాంత ఇంజినీరింగ్ కళాశాలలను, పాలిటెక్నిక్‌లను, ఐటీఐలను కోరుతున్నది: ప్రతి విద్యార్థి చదువు పూర్తయ్యేలోగా ఒక నిజమైన కప్లరును, దాని నట్టును, పట్టు రింగును విప్పి కొలిచి, డేటమ్‌లతో సహా గీయాలి. పుస్తకంలోని చిహ్నం చేతిలోని భాగంతో కలిసినప్పుడే విద్య పూర్తవుతుంది.

37. సభ కొలతల గదుల బాధ్యులను కోరుతున్నది: డ్రాయింగు చిహ్నాలు, వాటి అర్థం, కొలిచే విధానం తెలుగులో ఉన్న పట్టికను యంత్రం దగ్గర, తనిఖీ బల్ల దగ్గర గోడకు పెట్టాలి. యంత్రం నడిపే మనిషికి చదవడానికి వీలుగా లేని హద్దును అమలు చేయమనడం తగదు.

38. సభ తీర్మానించినదేమనగా, ఈ నిర్ణయాలు సభ్యులు గీసే కొత్త డ్రాయింగులన్నిటికీ వెంటనే వర్తిస్తాయి. పాత డ్రాయింగులను అచ్చు మరమ్మతుకు వచ్చినప్పుడు గాని, పదార్థం మార్చినప్పుడు గాని సవరించాలి. తాగునీటి, వైద్య భాగాల పాత డ్రాయింగులను ఆ సందర్భం కోసం ఆగకుండా ముందుగా సవరించాలి.

39. సభ తుది నిర్ణయంగా నమోదు చేస్తున్నది: డ్రాయింగు మీద రాయని షరతు తప్పిందని ఎవరినీ దోషిగా నిలబెట్టరాదు. డ్రాయింగు మీద రాసిన షరతును ఎవరి కోసమూ వదలరాదు. ఉద్దానంలో ఇంటి కుళాయికి, ఆసుపత్రి పడకకు చేరే ప్రతి అచ్చు భాగానికీ ఈ రెండు మాటలు సమానంగా వర్తిస్తాయి.